హిందూపురమున పెనుకొండ రోడ్డు

హిందూపురమున పెనుకొండ రోడ్డు కలదు. చేరవలసిన ఊరి పేరే దారికి వచ్చినది. మరి ఊళ్లకు పేర్లెట్లు వచ్చినవి?

పెనుకొండ యనగా పెద్ద కొండ; సంస్కృతమున ఘనగిరి. 1565లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులకు అదియే రాజధాని. హిందూపురము, గుత్తి నేలిన మురారిరావు తన తండ్రి హిందూరావు పేర నెలకొల్పినదని ప్రతీతి. 1776లో హైదరాలీ గుత్తిని గెలిచెను. మురారిరావు చెరలోనే మరణించెను. ధర్మవరము, అచ్చట చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబ పేరిటిదని చెప్పుదురు.

గుత్తి రాజ్యము పోయినది. తండ్రి పేరు నిలిచినది. ఏలినవారు మారినారు, తల్లి పేరు మారలేదు. వీధికి కొత్త పేరు పెట్టబోవునపుడు, పాత పేరులో ఎవరున్నారో ఒక్కమారు విచారింపవలెను.