రాక్షసుడికి పులి తల ఎవరు పెట్టారు?

అమెరికా అనుభవాలు ఏమైనా రాసి పంపమని సంచిక సంపాదకవర్గం అడిగింది. మంచు గురించీ మొదటి ఉద్యోగం గురించీ మనవాళ్ళు వెనకటి సంచికల్లో చాలామందే రాశారు. నేను ఒక ఆట గురించి రాస్తాను. మన సంఘానికీ ఆ ఆటకీ ఒకే ఈడు. రెండూ 1974లోనే మొదలయ్యాయి. ఆ ఆట పుణ్యమా అని, పదో తరగతి దాటిన ఏడేళ్ళకు నేను మన తెలుగు మాస్టారి చేత మళ్ళీ చీవాట్లు తిన్నాను.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇప్పుడైతే మీ మనవల్ని అడిగినా చెప్తారు. 1984 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో దిగేనాటికి నాకు ఆ పేరే తెలియదు. నాతో గది పంచుకున్న కుర్రాడు శుక్రవారం రాత్రయ్యేసరికి నలుగురు స్నేహితుల్ని పోగేసి బల్ల మీద పాచికలు కుమ్మరించేవాడు. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, పన్నెండు ముఖాలవి, ఇరవై ముఖాలవి. వైకుంఠపాళీ లాంటిది కాబోలనుకున్నాను. తీరా చూస్తే గళ్ళ పటమూ లేదు, పాములూ నిచ్చెనలూ లేవు. ఒకడు కథ చెప్తున్నాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. మన ఊళ్ళో సంక్రాంతికి బుర్రకథ చెప్పేటప్పుడు పక్కనున్న వంతగాడు అడ్డు ప్రశ్నలు వేసేవాడు గుర్తుందా? ఇక్కడ ఆ వంతగాళ్ళే కథను మలుపు తిప్పుతారు. ‘నేను తలుపు తియ్యను, గోడెక్కి దూకుతాను’ అంటే కథకుడు సరేనని పాచిక వెయ్యమంటాడు. కాలు విరుగుతుందో లేదో పాచిక చెప్తుంది.

ఈ ఆట పుట్టిన లేక్ జెనీవా అనే చిన్న ఊరు మిల్వాకీకి గంట ప్రయాణం. గ్యారీ గైగాక్స్ అక్కడివాడు. భీమా కంపెనీలో ఉద్యోగం పోయాక ఇంట్లో చెప్పులు బాగుచేస్తూ, మిగతా వేళంతా యుద్ధపు ఆటల నియమాలు రాసుకునేవాడు. సైన్యాల బొమ్మలతో ఆడే ఒక ఆటకు జెఫ్ పెరెన్‌తో కలిసి 1971లో నియమాల పుస్తకం వేశాడు. దాని చివర మంత్రగాళ్ళకూ డ్రాగన్లకూ కొన్ని పేజీలు కేటాయించాడు. పక్క రాష్ట్రం మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు ఆ పేజీలు పట్టుకుని, ఒక్కో ఆటగాడికి సైన్యం బదులు ఒక్కో మనిషిని ఇచ్చి, వాళ్ళను కోట కింది నేలమాళిగల్లోకి దింపాడు. ఇద్దరి ఆలోచనా కలిసి 1974లో ఆటగా వచ్చింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు. మొదటి విడత వెయ్యి పెట్టెలు. వాటిని ఇంట్లోనే చేత్తో సర్ది అమ్మారు.

ఆట చూడ్డం కంటే ఆట అయ్యాక వాళ్ళ వాదనలు వినడమే నాకు సరదాగా ఉండేది. ఇది ఎవరి కథల్లోంచి వచ్చింది? శుక్రవారం రాత్రుళ్ళు రెండు గంటలదాకా ఇదే గొడవ. నా గదిలోని కుర్రాడు టోల్కీన్ భక్తుడు. పొట్టి హాబిట్లు, నడిచే చెట్లయిన ఎంట్లు, అగ్ని భూతం బాల్‌రోగ్ — మొదటి ముద్రణలో ఇవన్నీ ఆ పేర్లతోనే ఉన్నాయి కదా, ఇంకా సాక్ష్యం ఏం కావాలి అనేవాడు. పాత చవకరకం కథల పత్రికలు పోగుచేసే ఇంకొకతను ఒప్పుకునేవాడు కాదు. అదే 1974 పుస్తకానికి గైగాక్స్ రాసిన ముందుమాట తీసి చూపించేవాడు. అందులో బరోస్ రాసిన అంగారక గ్రహ కథలున్నాయి, హోవర్డ్ సృష్టించిన కోనన్ ఉన్నాడు, ఫ్రిట్జ్ లైబర్ జంట వీరులున్నారు. టోల్కీన్ పేరు లేదు.

ఇది ఊరికే కబుర్ల గొడవ కాదు, వెనక లాయర్లున్నారు. టోల్కీన్ 1973లోనే పోయాడు. ఆయన కథల సినిమా, సరుకుల హక్కులు కొన్నవాళ్ళు 1977లో అభ్యంతరం చెప్పారు. దాంతో హాబిట్ హాఫ్‌లింగ్ అయ్యాడు, ఎంట్ ట్రెంట్ అయింది, బాల్‌రోగ్ బేలోర్ అయింది. గోత్రం అదే, ఇంటిపేరు మారింది. తమాషా ఏమిటంటే హాఫ్‌లింగ్ అన్న మాట కూడా టోల్కీన్ హాబిట్లకు వాడిందే. మరగుజ్జుల జోలికి, ఎల్ఫ్‌ల జోలికి మాత్రం ఎవరూ రాలేకపోయారు. అవి ఉత్తర ఐరోపా పాత గాథలవి. టోల్కీన్ మరగుజ్జుల పేర్లే ఐస్‌లాండు పాత కావ్యంలోంచి తెచ్చుకున్నవాయె!

1985 మార్చిలో గైగాక్స్ డ్రాగన్ పత్రికలో వ్యాసం రాసి, టోల్కీన్ ప్రభావం పైపైదేననీ, ఆయన పాఠకుల్ని ఆకట్టుకోవడానికే ఆ జీవుల్ని పెట్టాననీ చెప్పాడు. ఆ సంచిక వచ్చిన వారం మా గదిలో ఆట సాగలేదు, పోట్లాటే. నా మటుకు నాకు గైగాక్స్ చెప్పినదాంట్లో సగమే నిజమనిపించింది. అమ్ముకోడానికే పెట్టినా, పెట్టింది పెట్టినట్టే కదా. అయితే రెండో సగానికి సాక్ష్యం గట్టిది. 1979లో ఆట నడిపేవారి కోసం వేసిన పుస్తకం చివర తాను చదివి ప్రేరణ పొందిన రచయితల జాబితా ఇచ్చాడు. టోల్కీన్ అందులో ఒకడు, అంతే. ముఖ్యమని ప్రత్యేకంగా చెప్పిన పేర్లలో లేడు. ఆ జాబితాకు ముందు, తనకు కథల పిచ్చి చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాయ ఉంగరాల కథలతో పట్టుకుందని రాసుకున్నాడు. మా నాయనమ్మ గుర్తొచ్చింది.

ఆ ముఖ్యుల్లో ఒకడు జాక్ వాన్స్. 1950లో వచ్చిన అతని పుస్తకంలో మంత్రగాడు మంత్రాన్ని కష్టపడి బుర్రలోకి ఎక్కించుకుంటాడు. ఒకసారి ప్రయోగించాడో, అది మనసులోంచి చెరిగిపోతుంది. ఆటలోనూ అదే నియమం. ఇది చాలా కొత్త ఊహ అని వాళ్ళు మెచ్చుకుంటుంటే నేను ఆగలేక కర్ణుడి కథ చెప్పాను. గురుశాపంతో సమయానికి అస్త్రం గుర్తురాకపోవడం, ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచెయ్యడం, అర్జునుడికని దాచుకున్నది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోవడం. బల్ల చుట్టూ నిశ్శబ్దం. ఆ రాత్రి నుంచి నేను వాళ్ళకు ఆస్థాన పండితుణ్ణి. అక్కడే వచ్చింది చిక్కు.

మరుసటి వారం 1977 నాటి రాక్షసాల పుస్తకం నా ముందు పెట్టి, ఇది మీ దేశానిదే, సరిగ్గా ఉందా అని అడిగారు. పేజీ తీస్తే రాక్షసుడు. పులి తల, దొరల చొక్కా, కుర్చీలో దర్జాగా కూర్చుని పైపు కాలుస్తున్నాడు. ఎదుటివాడి మనసు చదివి, వాడికి నమ్మకమైన మనిషిలా కనబడతాడట. పూజ చేసిన బాణాన్ని క్రాస్‌బో నుంచి వదిలితే చస్తాడట. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ‘ఇదంతా తప్పు. రాక్షసుడంటే కిరీటం, మీసం, గద. పులి తల ఏమిటి?’ అన్నాను. పత్రికలు పోగుచేసే అతను నెమ్మదిగా, ‘ఏ పుస్తకంలో ఉంది?’ అన్నాడు. రామాయణం అన్నాను. ‘చదివావా?’ అన్నాడు.

చదవలేదు. చందమామలో చదివాను, సినిమాలో చూశాను. నేను వర్ణించింది ఎస్.వి. రంగారావుని. వారమల్లా మూలం, మూలం అని కొట్టుకునే మనుషుల మధ్య కూర్చుని, నా మూలమేదో నాకే తెలియకుండా తీర్పు చెప్పాను. ఆ రాత్రే ఏరోగ్రామ్ తీసి, ఇక్కడివాళ్ళు మన రాక్షసుల్ని ఎలా పాడుచేశారో ఆవేశంగా మాస్టారికి రాశాను. బొమ్మ కూడా పెన్సిలుతో గీశాను. నాకు అనుకూలంగా నాలుగు శ్లోకాలు పంపిస్తారని ఆశ.

ఐదు వారాలకు జవాబొచ్చింది. చిరంజీవికి ఆశీస్సులు అన్న మొదటి ముక్క తప్ప తక్కినదంతా చీవాట్లే. సుందరకాండలో హనుమంతుడు అశోకవనంలో సీతమ్మ చుట్టూ చూసిన రాక్షస స్త్రీల వర్ణన ఎప్పుడైనా చదివావా అని అడిగారు. అందులో పంది ముఖాలవాళ్ళున్నారు, దున్న ముఖాలవాళ్ళున్నారు, మేక, నక్క ముఖాలవాళ్ళున్నారు. పులి ముఖాలవాళ్ళూ ఉన్నారు. ‘వాల్మీకి ఒప్పుకున్నదానికి నీ అభ్యంతరమేమిట్రా?’ అని రాశారు. అదే కాండలో లంకలో వేదం చదువుకునే రాక్షసులూ కనిపిస్తారు, వాళ్ళ బొమ్మ ఆ పుస్తకంలో ఉందా అని ఇంకో ప్రశ్న. చివర ఘటోత్కచుడి సంగతి: కుండలా నున్నటి తల, జుట్టు లేదు కనుకనే ఆ పేరు. ఒత్తయిన జుట్టుతో మాయాబజార్‌లో కనబడ్డవాడు వ్యాసుడి ఘటోత్కచుడు కాడు. అసలు శశిరేఖ పెళ్ళి కథే వ్యాస భారతంలో లేదు. ‘సినిమా చూడవద్దనను. నేను ఆరుసార్లు చూశాను. చూసినదాన్ని చదివానని చెప్పకు.’

ఆ ఉత్తరం బల్ల మీద పెట్టి, వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. ఓడిపోయానని కూడా చెప్పాను. పత్రికల అతను పులి ముఖాల దగ్గర ఒకసారి ఆపి, మళ్ళీ చెప్పమన్నాడు. వేదం చదివే రాక్షసుల మాట నా గదిలోని కుర్రాడికి నచ్చింది. ఆ నెల ఆటలో ఒక రాక్షసుడు దారి కాసి కత్తి దూయకుండా వ్యాకరణం అడిగాడు. అందరం ఓడాం.

తరవాత చాలా ఏళ్ళకు అసలు సంగతి బయటపడింది. ఆ రాక్షసుణ్ణి ఒక టీవీ సీరియల్లోంచి తెచ్చుకున్నానని గైగాక్స్ స్వయంగా చెప్పాడు. కోల్‌షాక్ అనే విలేఖరి కథలు అవి. 1974 చివర్లో వచ్చిన ఒక భాగంలో షికాగోలో రాక్షసుడు తిరుగుతుంటాడు. నమ్మినవాళ్ళ రూపంలో దగ్గరకొస్తాడు. పూజ చేసిన బాణంతో, క్రాస్‌బోతో చస్తాడు. అంతా అక్కడిదే. అయితే టీవీలో వాడికి పులి తల లేదు, ఒళ్ళంతా జుట్టున్న మృగం. పులి తల గీసినవాడు పుస్తకానికి బొమ్మలేసిన డేవిడ్ ట్రాంపియర్. అంటే ఆయన రాక్షసుడు టీవీలోంచి వచ్చాడు, నావాడు సినిమాలోంచి. చదవని పుస్తకం మీద ఇద్దరం సమానమే. ఒక్క బొమ్మ గీసినవాడి చెయ్యే వాల్మీకి దాకా పోయింది. 2014 ముద్రణలో కూడా ఆ రాక్షసుడికి పులి తలే.

ఆ ఉత్తరం చివర మాస్టారు, ఇరవై ముఖాల పాచిక ఎలా ఉంటుందో చూడాలని ఉందని రాశారు. 1988లో మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఒకటి తెచ్చిచ్చాను. అప్పటికి రిటైరయ్యారు. కళ్ళజోడు పైకి జరిపి అటూ ఇటూ తిప్పి చూసి, ముఖాలు లెక్కపెట్టి, అరుగు మీద విసిరారు. మూడు పడింది. ‘ఏమైనట్టు?’ అన్నారు. ‘రాక్షసుడు గెలిచాడు మాస్టారూ’ అన్నాను. పాచిక తీసి కిటికీ గూట్లో పెట్టి, సుందరకాండ ఎంతవరకు వచ్చిందని అడిగారు. పదిహేడో సర్గ అని చెప్పాను.

(1976-77 పదో తరగతి, ‘బి’ సెక్షన్)