ఐదో వంతు మందు

2016 వసంతంలో మా అనంతపురం సబ్‌సెంటర్లలో పసిబిడ్డల టీకా కార్డు లెక్కే మారిపోయింది. విరేచనాలకు రోటావైరస్ చుక్కలు వచ్చాయి. పోలియో చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. పోలియో సూది తొడ మీది నుంచి కుడి భుజానికి మారింది. అర మిల్లీలీటరు వేసేది పాయింట్ వన్ అయింది. కళ్యాణదుర్గం పక్క ఏఎన్ఎమ్‌గా పనిచేసినదాన్ని కాబట్టి, ఈ సూది కథ నేను చెప్పాల్సిందే.

ఢిల్లీలో టీకాల మీద కేంద్ర ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం ఒకటుంది. 2001లో పెట్టారు, ఎన్‌టాగీ అంటారు. ఏ టీకా, ఏ వయసులో, ఎంత మోతాదు అన్నది వాళ్లు పరిశీలించి సిఫారసు చేస్తారు. నిర్ణయం ప్రభుత్వానిది.

సహజంగా వ్యాపించే రెండో రకం పోలియో వైరస్ లోకంలో చివరిసారి కనబడింది 1999లో, మన దేశంలోనే, అలీగఢ్‌లో. ఆ తర్వాత చుక్కల మందులోని బలహీన వైరసే అరుదుగా రూపు మార్చుకుని పిల్లల కాళ్లు పడగొట్టసాగింది. అందుకే 2016 ఏప్రిల్‌లో చుక్కల మందు వాడే దేశాలన్నీ అందులో ఆ రకాన్ని ఆపేశాయి. మనం 25న ఆపాం. బదులుగా రక్షణ ఇవ్వాల్సిన సూదిమందు చూస్తే ప్రపంచమంతా కొరత. మన దగ్గర అది మొదలై ఆర్నెల్లయినా కాలేదు.

క్యూబా, బంగ్లాదేశ్‌లలో జరిగిన పరీక్షలు అప్పుడు అక్కరకొచ్చాయి. పాయింట్ వన్ చొప్పున రెండుసార్లు, ఆరో వారం, పద్నాలుగో వారం, చర్మంలోకి వేస్తే, కండకు ఒకేసారి వేసే అర మిల్లీలీటరు కన్నా రక్షణ మెరుగ్గా వస్తుంది. మందు సగం కూడా ఖర్చు కాదు. బృందం ఆ దారే చూపింది. ముందుగా మొదలుపెట్టిన ఎనిమిది చోట్లలో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. కొరతలోంచి పుట్టినా అది మంచి నిర్ణయమని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

అయితే చర్మంలోకి వేయడం మాటలు కాదు. సూది మొన వాలు పైకి ఉండాలి, చర్మానికి దాదాపు ఆనించి పట్టాలి, కొన మాత్రమే లోపలికి పోవాలి. సరిగ్గా పడితే నారింజ తొక్కలా గుంటలతో చిన్న బుడిపె లేస్తుంది. లోతుకు పోతే బుడిపె రాదు. బిడ్డ చేయి విదిలించిందా, మందు బయటికి కారుతుంది. ఈ పని మాకు క్షయ టీకా బీసీజీ నేర్పింది. అదే కొలత సిరంజి, అదే చేతి ఒడుపు. 1940ల చివర బీసీజీ దేశంలో అడుగుపెట్టిన తొలి చోట్లలో మా పక్కనున్న మదనపల్లె ఒకటి. అప్పటి నుంచి నర్సుల చేతుల్లో నిలిచిన ఈ విద్యే లేకుంటే, ఆ సిఫారసు కాగితం మీదే ఉండేది.

అవ్వలు ఊరుకుంటారా? "పోయిన బిడ్డకి తొడకేస్తివి, దీనికి చేతికేస్తివి. మందు మిగిలించుకుంటాండారా ఏమి నర్సమ్మా?" అని అడిగేవాళ్లు. నిజమే అవ్వా, మిగిలించడానికే, ఇంకో ఊరి బిడ్డకు చాలాలని, అని చెప్పేదాన్ని. దాచకుండా చెబితే జనం ఒప్పుకుంటారు. ఆ మాట మాకు ముందే, తెలుగులో, వివరంగా చెప్పి ఉండాల్సింది. నిపుణులు తూచిన కారణాలు మా దాకా రాలేదు. ఉత్తర్వు మాత్రం వచ్చింది.

రెండు నెలలు తిరక్కుండానే పరీక్ష ఎదురైంది. హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ దొరికింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఈ చిన్న మోతాదే వేశారు. అంతమందికి ఫుల్ డోస్ వేయాలంటే, ఆ కొరతలో అన్ని వయల్స్ ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు?

2023 జనవరి నుంచి తొమ్మిది నెలలు నిండాక మూడో మోతాదూ చేర్చారు. ఆ వయసుకు మా పక్క చాలామంది బిడ్డలు తల్లిదండ్రులతో బెంగళూరులో, కడుతున్న బిల్డింగుల దగ్గర ఉంటారు. కార్డు తీసుకుపోయారా, అక్కడ సూది వేయించారా అని ఫోన్లు చేసి కనుక్కునే పని ఇప్పటి ఏఎన్ఎమ్‌లది.