ఘోషా తెర వెనుకకు వైద్యము చేరిన విధము



మన పూర్వుల యిండ్లలో స్త్రీకి జబ్బు చేసినపుడు వైద్యుడు లోపలి గడప దాటుట అరుదు. రోగి తెరచాటున నుండగా, భర్తయో అత్తగారో వెలుపలికి వచ్చి లక్షణములు చెప్పుచుండిరి. పురుటికి మంత్రసానియే దిక్కు. ఆమె యనుభవము తక్కువది కాదు. కాని బిడ్డ యడ్డము తిరిగినపుడు ఆ యనుభవ మొక్కటియే చాలునది కాదు. ఆ తల్లులు వైద్యమును ద్వేషించినవారు కారు. పరపురుషుని చేయి తగులుటకంటె చావే మేలని తలచినవారు. మానమును ప్రాణమును రెండును దక్కు మార్గ మెట్లేర్పడెనో తెలిసికొనుట మన సంఘమున కవసరము.

న్యాయవాదియగు భర్తతో 1866లో చెన్నపట్టణమునకు వచ్చిన మేరీ షార్లీబు దొరసాని, ఈ దేశపు స్త్రీలు కాన్పులయందు పడు పాట్లు విని, తామే వైద్యము నేర్వ నిశ్చయించిరి. 1875లో మదరాసు వైద్య కళాశాలవారు ఆమెను, మఱి ముగ్గురు స్త్రీలను చేర్చుకొనిరి. ఆమె 1878లో అచ్చట నుత్తీర్ణురాలై, 1882లో లండను విశ్వవిద్యాలయ పట్టమును గూడ బడసి, మరల మదరాసు చేరిరి. 1885లో కులస్త్రీలకును ఘోషా స్త్రీలకును ప్రత్యేకముగ నొక యాసుపత్రి వెలసెను. దాని భవనములకై మన వేంకటగిరి రాజావారు లక్ష రూపాయలొసంగిరి. నేడది కస్తూరిబా గాంధీ పేర వెలయుచున్నది. కులస్త్రీల యాసుపత్రి యను నాటి పేరులోనే తక్కిన స్త్రీలు ఎడముగ నుంచబడిరను సంగతియు గలదు. దానిని కులసభలో నున్న మనము దాచి చెప్పరాదు.

గుంటూరునందును ఇట్టి కథయే జరిగెను. 1883లో అమెరికా నుండి వచ్చిన అన్నా కుగ్లరు దొరసాని వైద్యవిద్యలో పట్టము పొందినవారే. ఐనను లూథరను మిషనువారు మొదట ఆమెను బోధనకే నియమించిరి. రోగులకు సాయపడుట ఆమె మానలేదు. 1885లో ఆమెను వైద్యసేవకే నియమించిరి. 1898లో ఆసుపత్రి తెఱవబడెను. ఏలూరు జమీందారుగారు తమ కుటుంబమునకు గలిగిన మేలునకు కృతజ్ఞులై, ఆ యాసుపత్రి చెంతనే సత్రమొకటి కట్టించిరి. పరుల వంట ముట్టని యాచారపరులకు తమ పొయ్యి తాము వెలిగించుకొను చోటు దొరకినచో, మందు త్రాగుటకు అభ్యంతర మేమి?

ఇందలి నీతి స్పష్టము. ఆ స్త్రీలను మూఢులని తిట్టినందున తలుపులు తెఱచుకొనలేదు. స్త్రీయే వైద్యురాలై గడపలో నిలిచినపుడు, దాతలు సొమ్మిచ్చినపుడు, ఇంటి పెద్దలు సరే యన్నపుడు తెఱచుకొనెను. పిదప మన యాడుబిడ్డలే వైద్యురాండ్రైరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి కుమార్తె డాక్టరు అచ్చమాంబగారు విజయవాడలో వైద్యము చేయుటయే గాక, ప్రసూతి శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957లో లోకసభకు నెన్నికైరి.

నేడు మన యిండ్లలో ఘోషా తెర లేదు. సిగ్గు తెర యింకను గలదు. రొమ్మున గడ్డ కనబడినను, ముట్టు నిలిచిన యేండ్లకు మరల రక్తము కనబడినను, కోడలితో గూడ చెప్పక దాచు తల్లులు గలరు. గర్భాశయ ముఖమున పుట్టు క్యాన్సరు, తొలిదశలో కనుగొన్నచో, చాలవఱకు కుదురునది. దాచుటచే నది ముదురును. నాడు ప్రాణము తీసినది పరపురుషుని భయము. నేడు తీయునది మన మౌనము.

కావున దాతలకు మా విన్నపము. కల్యాణమండపములకిచ్చు ధనములో కొంత వైద్యము, నర్సుపని చదువు బాలికలకిండు. సంవత్సరమున కొక దినము స్త్రీ వైద్యులను రప్పించి, మన సంఘ భవనముననే తల్లులకు పరీక్షలు చేయింపుడు. ఆ దినమున ఏ కులపు స్త్రీ వచ్చినను తలుపు మూయకుడు. పురుషులారా! ఇంటికి పోయి, మీ తల్లిని, భార్యను ఆరోగ్యమెట్లున్నదని యడుగుడు. వారు చెప్పువఱకు ఓర్పుతో వినుడు.