భోజనం తరువాత చక్కెర

మధుమేహం ప్రాచీనులు ఎరిగిన వ్యాధి. రోగి మూత్రం తేనెవలె తియ్యగా ఉంటుందనీ, దానికి చీమలు పడతాయనీ భారతీయ వైద్యులు ఏనాడో గుర్తించారు. ఆ తీపికి చక్కెరే కారణమని నిరూపించినవాడు ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్. 1776లో ప్రచురించిన వ్యాసంలో, మూత్రాన్ని ఇగిర్చగా చక్కెరవంటి తెల్లని పదార్థం మిగిలిందనీ, రోగి రక్తరసం కూడా తియ్యగా ఉన్నదనీ అతడు తెలిపాడు.

రక్తంలోనే చక్కెర ఉన్నప్పుడు రోగి ఏమి తినాలి? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం దొరకడానికి రెండు శతాబ్దాలు పట్టింది. అంతవరకు రోగులు ఎంతో ఆకలిని భరించవలసి వచ్చింది.

1870 సెప్టెంబరులో జర్మను సేనలు పారిస్ నగరాన్ని ముట్టడించాయి. నాలుగు నెలలపాటు నగరంలో తిండి కరువైంది. ఆ రోజుల్లో మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడం బూషార్డా అనే వైద్యుడు గమనించాడు. మితాహారం, శరీరశ్రమ అవసరమని ఆయన బోధించాడు. 1910 తరువాత అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ ఈ మార్గాన్ని కఠినమైన ఉపవాస చికిత్సగా మార్చాడు. దానితో కొందరికి ఆయువు కొంతకాలం పెరిగింది. కాని పిల్లలు ఎముకల గూళ్ళయ్యారు. కొందరు వ్యాధితో గాక ఆకలితోనే మరణించారు.

1922 జనవరిలో టొరంటో నగరంలో పదునాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చారు. ఉపవాసయుగం ముగిసింది. అయినా భోజనం సమస్య తీరలేదు. ఆరోగ్యవంతునిలో ఆహారం జీర్ణమై చక్కెర రక్తంలోకి చేరుతుండగానే క్లోమగ్రంథి తగినంత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. మధుమేహంలో అది అసలు రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది, లేదా వచ్చినా సరిగా పనిచేయదు. అందుచేత ఎంత చక్కెర చేరింది అన్నదే గాక, ఎంత వేగంగా చేరింది అన్నది కూడా ముఖ్యమే.

చాలాకాలం వైద్యులు పరిమాణాన్నే లెక్కించారు. 1950లో అమెరికాలో వెలువడిన ఆహార పట్టికలు కూడా ఈ లెక్కనే అనుసరించాయి. పంచదార త్వరగాను, పిండిపదార్థం నెమ్మదిగాను రక్తంలో చేరుతాయని అందరూ నమ్మారు. మూత్రపరీక్ష ఈ నమ్మకాన్ని తేల్చలేదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితేగాని సాధారణంగా మూత్రంలో కనిపించదు.

భోజనం తరువాత పలుమార్లు రక్తాన్ని పరీక్షించినప్పుడు అసలు సంగతి బయటపడింది. 1977లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బంగాళాదుంప ఇంచుమించు గ్లూకోజువలెనే చక్కెరను పెంచుతుందని చూపారు. అంతకు ముందు సంవత్సరమే ఇంగ్లండులో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు రోగుల ఉపాహారంలో గోరుచిక్కుడు గింజల పిండి, పండ్లలోని పెక్టిన్ కలిపి చూశారు. చక్కెర అంతగా పెరగలేదు. ఆ జిగురు ప్రేగులలో చక్కెరను నిదానంగా లోపలికి పోనిచ్చింది. తెలుగువారు కూరగా వండుకునే కాయ గింజలో ఇంతటి గుణం ఉన్నది!

1981లో జెంకిన్స్ 62 ఆహారాలను పరీక్షించి ఒక సూచికను ప్రకటించాడు. గ్లూకోజును 100గా తీసుకుంటే ధాన్యాలు, బిస్కెట్ల వర్గానికి సగటున 60, పప్పులు, చిక్కుళ్ళ వర్గానికి 31 వచ్చింది. పిండిపదార్థం తూకం ఒకటే, ఫలితాలు వేరు.

అయితే ఈ అంకెలను వేదవాక్యాలుగా భావించరాదు. ఒక్క అన్నమే వరి రకాన్నిబట్టి, వండిన తీరునుబట్టి మారుతుంది. అమైలోజ్ ఎక్కువగా ఉన్న బియ్యం సాధారణంగా నెమ్మదిగా జీర్ణమవుతుంది. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 800 మందిని పరీక్షించగా, ఒకే ఆహారం వేర్వేరు మనుషులలో వేర్వేరు విధాలుగా చక్కెరను పెంచింది. అదే సంవత్సరం న్యూయార్కులో జరిగిన ఒక చిన్న పరిశోధనలో కూరలు, మాంసం ముందు తిని, పిండివంటకం చివర తిన్న రోగులలో చక్కెర తక్కువగా పెరిగింది.

డాబ్సన్‌కు మూత్రాన్ని ఇగిర్చితేగాని తెలియని సంగతి నేడు రోగి తన ఇంటిలోనే, భోజనమైన రెండు గంటలకు, ఒక్క రక్తపు బొట్టుతో తెలుసుకోగలడు. ఆ అంకెను వైద్యునికి చూపి ఆహారాన్ని, మందును సరిచూసుకోవచ్చు. పూర్వం విస్తరిని తీసివేయడమే చికిత్స. ఇప్పుడు విస్తరిలో ఏది, ఎంత, ఏ వరుసలో వడ్డించాలో తెలుసుకోవడం చికిత్సలో భాగమయింది.