బడి కొలతతో గీసిన ఊళ్లు

జపాన్ సముద్రంలో, షిమనే తీరానికి దాదాపు 60 కిలోమీటర్ల దూరాన ఓకి ద్వీపాలున్నాయి. ఫెర్రీలో సుమారు మూడు గంటల ప్రయాణం. వీటిలో డోజెన్ అని పిలిచే మూడు ద్వీపాలకూ కలిపి ఉన్నది ఒకే ఒక్క హైస్కూలు. 1955లో ఓకి హైస్కూలుకు శాఖగా మొదలై, 1965లో తన కాళ్ల మీద తాను నిలబడిన ఓకి డోజెన్ హైస్కూలుకు 2025తో డెబ్బై ఏళ్లు నిండాయి.

ఓకిలో చదువు కోసం పోరాటం ఈ బడికన్నా చాలా పాతది. 1867లో ఇక్కడి యువకులు శాస్త్రం, శస్త్రం రెండూ నేర్పే ఒక పాఠశాల కావాలని, అప్పట్లో ఓకి పాలన చూసే మత్సుయే సంస్థానాన్ని అర్థించారు. వాళ్లు నకానుమా ర్యోజో అనే పండితుడి ప్రభావంలో పెరిగినవాళ్లు. ఆయన ఓకిలో పుట్టి, రాజధాని క్యోటోలో గురువుగా పేరు తెచ్చుకున్నాడు. సంస్థానం ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. మరుసటి ఏడాది వసంతంలో దాదాపు మూడు వేల మంది ద్వీపవాసులు సైగో అనే ఊళ్లోని సంస్థానపు కచేరీని చుట్టుముట్టి, అక్కడి అధికారిని పడవెక్కించి పంపేశారు. తర్వాత సుమారు ఎనభై రోజులు తమను తామే పాలించుకున్నారు. మత్సుయే సైనికులు తిరిగొచ్చి కాల్పులు జరిపినప్పుడు 14 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ తిరుగుబాటుకు కారణాలు చాలానే ఉన్నా, బడి అడిగితే కాదన్న కోపం వాటిలో ముఖ్యమైనది.

ఆ తర్వాత పాలన చేతులు మారుతూ పోయింది. ఓకి కొంతకాలం పొరుగున ఉన్న తొత్తోరి కింద ఉండి, 1876లో తొత్తోరితో పాటే షిమనేలో కలిసింది. 1881లో తొత్తోరి విడిపోయినా ఓకి మాత్రం షిమనేలోనే ఉండిపోయింది.

ఇదే కాలంలో, 1872 విద్యాశాసనంతో జపాన్ అంతటా బడులు పెట్టాలన్నారు. ఖర్చు మాత్రం ఊళ్ల మీదే పడింది. చిన్న చిన్న పల్లెలు ఆ భారం మోయలేకపోయాయి. అందుకే 1889లో ప్రభుత్వం పల్లెలను కలిపేటప్పుడు మూడు వందల నుంచి ఐదు వందల ఇళ్లను ఒక ఊరికి ప్రమాణంగా పెట్టుకుంది. ఒక ప్రాథమిక పాఠశాలను నడపగల స్తోమత అంతమందికి ఉంటుందని లెక్క. 71,314 ఊళ్లు ఒక్కసారిగా 15,859 అయ్యాయి. 1953 తర్వాత రెండో విడత విలీనాలకు కొలత సుమారు ఎనిమిది వేల జనాభా. అది ఒక మిడిల్ స్కూలుకు సరిపోయే లెక్క. రెండుసార్లూ ఊరి సరిహద్దును గీయించింది బడే.

ఓకికి ఈ మార్పులు ఆలస్యంగా చేరాయి. డోజెన్ ద్వీపాల్లో ఒకటైన నకనోషిమాలోని పల్లెలన్నీ కలిసి అమా గ్రామం అయింది 1904లో. అది పట్టణ హోదా పొందిన 1969లోనే నాలుగు పాత ‘గున్’లు కలిసి ఓకి గున్ ఏర్పడింది. గున్ అంటే మన పాత తాలూకా లాంటిదనుకోవచ్చు. కాకపోతే గున్‌లకు 1926 నుంచే సొంత కార్యాలయాలు లేవు. ఇప్పుడు ఆ పేరు ఎక్కువగా ఉత్తరాల చిరునామాల్లోనే కనిపిస్తుంది.

మూడో విడత విలీనాల కాలంలో కొలత మారింది. అప్పుల్లో మునిగిన ఊళ్లు ఖర్చు తగ్గించుకోవాలన్నదే అప్పటి లెక్క. 2004లో పక్కనున్న డోగో ద్వీపంలో ఒక పట్టణం, మూడు గ్రామాలు కలిసి ఓకినోషిమా పట్టణమయ్యాయి. డోజెన్ ద్వీపాలు మాత్రం విడిగానే ఉండిపోయాయి. 1950 ప్రాంతంలో ఏడు వేలకు దగ్గరగా ఉన్న అమా జనాభా అప్పటికే మూడో వంతుకు జారుతోంది. మేయర్ యమావుచి మిచియో 2005 నాటికి తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నాడు. ఉద్యోగులూ తమ జీతాల్లో కోత పెట్టమన్నారు. అలా మిగిలిన డబ్బులో కొంత పిల్లల పెంపకానికి సాయంగా అందింది.

అంత చేసినా, 2008లో డోజెన్ హైస్కూలులో మిగిలింది 89 మంది విద్యార్థులే. బడి మూతపడితే పిల్లలు పదిహేనేళ్లకే సముద్రం దాటాలి. అద్దె, తిండి, ఫీజుల బరువు మోయలేని కుటుంబాలు వాళ్ల వెంటే మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోతాయి. అలాంటి ఇళ్లు మళ్లీ తెరుచుకోవు. అప్పుడు ద్వీపంలో చేపలు పట్టేదెవరు, పొలం దున్నేదెవరు? హైస్కూలు ప్రభుత్వానిది, దాన్ని నడిపేది షిమనే అధికారులు. అయినా దాన్ని కాపాడుకునే బాధ్యత మూడు ద్వీపాలూ నెత్తిన వేసుకున్నాయి. ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం ఇదే.

2009లో ఈ బడి పిల్లలు దేశవ్యాప్త పర్యాటక పోటీకి ఒక యాత్రను రూపొందించారు. అందులో చూడాల్సింది గుళ్లూ కొండలూ కాదు, ద్వీపంలోని మనుషులు. మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది. 2010లో బయటి నగరాల పిల్లలకు తలుపులు తెరిచారు. ఊరే నడిపే రాత్రి బడి కూడా అదే ఏడాది మొదలైంది. దూరం నుంచి వచ్చిన ప్రతి విద్యార్థికీ ఊళ్లో ఒక కుటుంబాన్ని ‘షిమా ఒయా’గా, అంటే ద్వీపంలో అమ్మానాన్నలుగా కుదిర్చారు. పండక్కి భోజనానికి పిలిచేదీ, పొలానికో పడవ మీదికో వెంట తీసుకెళ్లేదీ వాళ్లే.

2012లో కొత్తగా చేరినవాళ్లకు ఒక్క తరగతి గది చాలక, మళ్లీ రెండు కావాల్సి వచ్చింది. 2008 తర్వాత పదేళ్లు గడవకముందే విద్యార్థుల సంఖ్య రెట్టింపయింది.