వివాహమే ముక్తిద్వారమైన చోట: మోర్మన్ మతమున స్వలింగానురాగుల స్థితి

మా బలిఘట్టమున వరాహనది ఉత్తరవాహినియై పారు రేవులో మునిగి, బ్రహ్మలింగేశ్వరుని దర్శింపవచ్చిన భక్తుని “నీ భార్య యేది?” యని యడుగువారుండరు, అతడే వ్రతపు పీటపై కూర్చుండదలచినచో ఆ ప్రశ్న తప్పక వచ్చును. దర్శనమునకు ఒంటరివాడు చాలును, పీటకు దంపతులు కావలెను. ఈ భేదము మనకు ఒక పూటతో తీరిపోవునది. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమున, అనగా లోకము మోర్మన్ మతమని వ్యవహరించు దానియందు, ఇదియే జీవుని శాశ్వతగతిని నిర్ణయించు భేదము.

ఆదివారపు ఆరాధన ఎల్లరకును తెరచియుండును. దేవాలయప్రవేశము మాత్రము యోగ్యతాపత్రము గల సభ్యులకే లభించును. అందు స్త్రీపురుషులకు జరుగు ముద్రాకర్మము మరణానంతరమును నిలుచు దాంపత్యమును ప్రసాదించునని వారి విశ్వాసము. పరలోకమహిమలో అత్యున్నతమైన అంతస్తు వివాహనిబంధనలో ప్రవేశించిన వారిదేయని 1843 నాటి స్మిత్ ఉపదేశము. కథోలిక మతమున పెండ్లి యొల్లనివానికి మఠమున్నది. మన సంప్రదాయమున బ్రహ్మచర్యమునుండియే సన్న్యసించిన శంకరులున్నారు. మోర్మనులకు అట్టి ఆశ్రమాంతరము లేదు. కనుక అచటి స్వలింగానురాగి సమస్యను పాపపుణ్యవిచారముగా మాత్రమే చూచుట చాలదని నా యభిప్రాయము. అతడు ఏ దోషమును చేయక, ఆజన్మబ్రహ్మచారియై నిలిచినను, ఆ సిద్ధాంతము గీచిన స్వర్గపటపు అత్యున్నతమైన అంతస్తున ఈ జన్మలో అతనికి చోటు కానరాదు.

ఈ చిక్కును వివాహముతోనే విప్పవలెనని పెద్దలు చిరకాలము తలచిరి. సంఘనాయకుడైన స్పెన్సర్ కింబల్ 1969లో ప్రకటించిన ‘క్షమ యొక్క అద్భుతము’ అను గ్రంథము స్వలింగానురాగమును జయింపదగిన దుర్వ్యసనముగా వర్ణించెను; 1970వ దశకమున సంఘమునకు చెందిన బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయములో విద్యుదాఘాతములతో విముఖతను పుట్టించు చికిత్సలు సైతము జరిగెను. తమను తాము దాచుకొనక విశ్వాసమును నిలుపుకొనగోరిన వారు 1977లో ‘అఫర్మేషన్’ అను సంస్థను నెలకొల్పిరి. వివాహమును ఇట్టి ప్రవృత్తికి చికిత్సగా భావింపరాదని సంఘనాయకుడైన గోర్డన్ హింక్లీ బహిరంగముగా చెప్పినది 1987లో.

అంతకు ముందే ఆ చికిత్సకు బలియైన సంసారములు ఎన్ని! కవయిత్రి కెరల్ లిన్ పియర్సన్ 1966లో జెరాల్డును వరించినప్పుడు అతని పూర్వవృత్తాంతము ఎరిగియు, పెండ్లి దానిని మాన్పునని ఇద్దరును నమ్మిరి, నలుగురు బిడ్డలు కలిగిరి, 1978లో విడాకులైనవి, 1984లో ఎయిడ్సు వ్యాధితో కృశించి వచ్చిన అతనికి ఆమె తన యింటనే శుశ్రూష చేయగా, అచటనే అతడు కన్నుమూసెను. ఆ కథను ఆమె 1986లో గ్రంథస్థము చేసినది. అందు మోసగాడు లేడు, మోసపోయినది లేదు. ఒకే ఉపదేశమును మనసార నమ్మిన ఇద్దరున్నారు. ఆ గ్రంథబలమంతయు అందులోనే కలదు.

ఇక కల్పనకు వచ్చినచో, టోనీ కుష్నర్ రచించిన ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’ నాటకమున జో పిట్ అను మోర్మన్ న్యాయవాది, తన్ను తాను దాచుకొని, భార్యను ఉన్మాదపుటంచునకు చేర్చును. సాల్ట్ లేక్ నుండి వచ్చిన అతని తల్లి హన్నా వ్యాధిగ్రస్తుడైన పరాయి యువకునకు అండయై, చివరి రంగమున ఆ మిత్రమండలిలో ఒకతె యగును. జో అందు కనిపింపడు. తల్లి మారుటను ఊహింపగలిగిన ప్రతిభ, కుమారుడు విశ్వాసముతోనే నిలుచుటను ఊహింపలేకపోయినది. 2003 నాటి ‘లాటర్ డేస్’ చిత్రమున యువప్రచారకుడు బహిష్కృతుడైన పిదపనే తన ప్రేమను నిలుపుకొనగలుగును. బయటికి నడచిపోవువాని కథ సులభముగా నాటకీయమగును. లోననే కూర్చుండి, వారము వారము రొట్టెను నీటిని స్వీకరించు వాని కథ వ్రాయుట కష్టము.

సంఘము 2015 నవంబరులో స్వలింగవివాహితులను మతభ్రష్టులుగా పరిగణించి, వారితో నివసించు బిడ్డలకు పదునెనిమిదేండ్లు నిండువరకు బాప్తిస్మమును నిషేధించినది. 2019 ఏప్రిలులో ఆ రెంటిని ఉపసంహరించినది. అయినను అట్టి వివాహము నేటికిని గురుతరాపరాధమే. ఆకర్షణ పాపము కాదు, ఆచరణ పాపమని నేటి బోధ. ఇది దయలో కలిగిన వృద్ధియని ఒప్పుకొందును. సిద్ధాంతమున ద్వారము ఒక్క అంగుళమైనను తెరచుకొనలేదు.

తెలుగునాట ఈ మతము బంధుత్వపు బాటనే నడచినది. సమోవాలో విశ్వాసులైన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదునకు వచ్చి తమవారికే మొదట బోధించిరి. మోర్మన్ గ్రంథభాగములు 1982లో తెలుగున వెలువడెను. భారతదేశమున తొలి స్టేకు, అనగా స్థానికసంఘముల సముదాయము, 2012లో హైదరాబాదుననే ఏర్పడెను. బెంగుళూరు దేవాలయమునకు 2020 డిసెంబరులో భూమిపూజ వంటి ఆరంభోత్సవము జరిగెను. చుట్టరికమే సంఘమైన చోట, సంఘమునకు తెలిసినది మేనమామకును తెలియును. సర్వోన్నత న్యాయస్థానము 2018లో స్వలింగసంబంధమును నేరముల పట్టికనుండి తొలగించినను, హైదరాబాదు వాస్తవ్యులైన సుప్రియో, అభయ్ అను పురుషుల జంట కోరిన వివాహహక్కును 2023 అక్టోబరులో ఆ న్యాయస్థానమే అంగీకరింపలేదు. కావున రెండేండ్ల ప్రచారసేవ ముగించి యింటికి వచ్చిన తెలుగు యువకునకు ఎదురగునది న్యాయస్థానము గాదు, పెండ్లిచూపులు. హింక్లీ 1987లో ఇచ్చిన హితవు ఆ చూపులకు ముందే, తెలుగులో, బిషప్పు నోట, తల్లిదండ్రుల చెవిని పడవలెనని నా గట్టి కోరిక. ఏలయన సంబంధము కుదిర్చి పంపబడు ఆ రెండవ ఇంటి పిల్లను ఇంతవరకు ఎవ్వరును ఏమియు అడిగి యుండలేదు.