సాలిడ్ మోడల్ నుంచి కొలతల డ్రాయింగ్

క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో తయారైన సాలిడ్ మోడల్ నుంచి ఫ్రంట్, టాప్, సైడ్, సెక్షన్ వ్యూలను షీటు మీదికి దించి, వర్క్‌షాపులో పని జరగడానికి కావలసిన కొలతలు వేసే ప్రక్రియ ఇది. వ్యూలను కంప్యూటరు దాదాపు తనంతట తనే గీసేస్తుంది. కొలతల దగ్గరికి వచ్చేసరికి డ్రాఫ్ట్స్‌మన్ బుర్రకు పని తప్పదు.

ఘనాకారాన్ని లంబ ప్రక్షేపాలుగా చూపే పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్. కోటల నిర్మాణానికి అక్కరకొచ్చే విద్య కావడంతో ఫ్రెంచి సైన్యం దీన్ని కొన్నేళ్లు గుట్టుగా దాచింది. 1795లో ఆయన పారిస్‌లో బహిరంగంగా బోధించాడు. నేడు భారత్‌లో ఫస్ట్ యాంగిల్, అమెరికాలో థర్డ్ యాంగిల్ పద్ధతి నడుస్తోంది. మొదటిదానిలో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద ఉంటుంది, రెండోదానిలో పైన. మన ఐటీఐలో చదివిన ఫిట్టరు టైటిల్ బ్లాకులోని కోసిన శంకువు గుర్తును గమనించకుండా అమెరికా డ్రాయింగు అందుకుంటే, కుడివైపు భాగానికి బదులు ఎడమవైపుది తయారయ్యే ప్రమాదం ఉంది.

ఆటోక్యాడ్‌లో ఈ పనికి పాత జోడీ సోల్‌వ్యూ, సోల్‌డ్రా కమాండ్లు. సోల్‌వ్యూ ఒక్కో వ్యూకి ఒక్కో వ్యూపోర్టు తెరిచి, దానికి సొంత లేయర్లు పెడుతుంది. వ్యూ పేరు 'ఫ్రంట్' అయితే కనిపించే అంచులకు ఫ్రంట్-విస్, మరుగు అంచులకు ఫ్రంట్-హిడ్, కొలతలకు ఫ్రంట్-డిమ్. సెక్షన్ వ్యూకైతే హాచింగ్ కోసం హ్యాట్ లేయరు అదనం. డిమ్ లేయరు ఆ ఒక్క వ్యూపోర్టులోనే కనిపిస్తుంది కాబట్టి ఒక వ్యూ కొలతలు పక్కదానిలోకి చొరబడవు. గీతలు గీసే పని సోల్‌డ్రాది. మోడల్ మారాక దాన్ని మళ్లీ నడిపితే విస్, హిడ్, హ్యాట్ లేయర్ల మీది గీతలు చెరిగి కొత్తవి వస్తాయి. అక్కడ చేత్తో గీసుకున్నవీ వాటితోపాటే పోతాయి. ఒకసారి పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ ఆ లేయర్ల జోలికి వెళ్లరు. 2012 వెర్షన్‌లో వచ్చిన వ్యూబేస్‌తో ఈ తంటా చాలావరకు తగ్గింది.

సాలిడ్‌వర్క్స్ లాంటి సాఫ్ట్‌వేర్లలో మోడల్‌కి ఇచ్చిన కొలతలనే డ్రాయింగులోకి లాగవచ్చు. చిక్కంతా అక్కడే. 100 మి.మీ. పొడవు ప్లేటులో మధ్యగీతకు చెరోవైపు 30 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలున్నాయనుకుందాం. మోడల్ గీసేవాడికి అది సులువు. కానీ అసలు ప్లేటు మీద మధ్యగీత ఉండదు. మిల్లింగ్ ఆపరేటరు ఎడమ అంచును తాకించి సున్నా పెట్టుకుంటాడు. అతనికి కావలసినవి 20, 80. అలాగని ముందు 20, అక్కడి నుంచి 60 అని గొలుసుగా ఇచ్చి, ఒక్కోదానికి ±0.1 టాలరెన్స్ రాస్తే, అంచు నుంచి రెండో రంధ్రానికి తేడా ±0.2 దాకా పోతుంది. ఆ రంధ్రాల్లో మరో భాగం పిన్నులు కూర్చోవాలంటే మాత్రం మధ్యనున్న 60ని నేరుగా ఇవ్వాల్సిందే. ఆ పిన్నుల సంగతి డ్రాయింగు గీసేవాడికే తెలియాలి.

సెక్షన్లలోనూ ఇలాంటి మెలిక ఉంది. నిలువునా కోసిన రిబ్బుకు, షాఫ్టుకు, బోల్టుకు హాచింగ్ వేయకపోవడం ఆనవాయితీ. చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ కోతపడిన చోటల్లా గీతలు నింపేస్తుంది. స్కేలుతో మాత్రం పేచీ లేదు: 1:2లో గీసినా అంకె 100గానే పడుతుంది.

కొలతలను త్రీడీ మోడల్‌కే అంటించే పద్ధతికి అమెరికాలో 2003లో వై14.41 ప్రమాణం వచ్చింది. అయినా చిన్న షాపుల్లో మిషను పక్కన నూనె మరకలతో వేలాడేది కాగితం ప్రింటే.